పిడి పిండితే ఏం తెలుస్తుంది? పెద్దల సర్వేలపై పాఠకుల ప్రశ్నలు

పెద్దల ఆరోగ్యం మీద జరిగే పరిశోధనల గురించి నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాము.

ప్రశ్న: వృద్ధుల సర్వే అని చెప్పి ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మా అమ్మకు డెబ్బై దాటింది. ఆమె చేతికి ఒక పిడి ఇచ్చి గట్టిగా పిండమన్నారు, వాకిట్లో సుద్దముక్కతో రెండు గీతలు గీసి నడవమన్నారు, ఆ తర్వాత చాలాసేపు ప్రశ్నలు అడిగారు. మోకాళ్ల నొప్పికి ఒక్క గోలీ కూడా ఇవ్వలేదు. "గింత పిండితే నా రోగం తెలుస్తదా బిడ్డా?" అని అమ్మ అడిగితే నవ్వి ఊరుకున్నారు. దీనివల్ల మాకేమి లాభం? పక్కింట్లో ఇంకా పెద్దవాళ్లుండగా మా ఇంటికే ఎందుకు వచ్చారు?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ అమ్మగారి ప్రశ్నకు వచ్చినవారు అక్కడే జవాబు చెప్పవలసింది. పిడిని పిండినంత మాత్రాన ఏ రోగమూ బయటపడదు గానీ, ఒంట్లో కండ ఎంత మిగిలి ఉన్నదో, అది ఏ మేరకు పనిచేస్తున్నదో ఆ ఒక్క కొలత చాలావరకు చెబుతుంది. మన దేశంతో సహా 17 దేశాల్లో 35 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 1,40,000 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ప్రమాదం 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడంలో రక్తపోటులోని పై అంకె కంటే చేతి పట్టే మెరుగని కూడా అందులో తేలింది. పట్టు తగ్గడమే చావుకు కారణమని మాత్రం అనుకోకూడదు. తిండి చాలకపోవడం, ఏళ్ల తరబడి ఉన్న జబ్బు, కదలకుండా కూర్చోవడం, వీటన్నిటి ప్రభావమూ కండ మీద పడుతుంది. పిడి ఆ మొత్తాన్ని ఒక అంకెగా చూపిస్తుంది. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పిన ప్రకారం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటే పట్టు తక్కువ ఉంటే కండబలం తగ్గినట్లు లెక్క. సుద్దగీతల మధ్య దూరం సాధారణంగా 4 మీటర్లు ఉంటుంది. ఆ దూరం నడవడానికి ఐదు సెకన్లు పడితే వేగం సెకనుకు 0.8 మీటర్లు అవుతుంది. అదే బృందం సెకనుకు ఒక మీటరు కంటే తక్కువ వేగాన్ని నెమ్మది నడకగా పరిగణించింది.

మన దేశంలో ఇటువంటి సర్వేలలో అతి పెద్దది 'లాసీ' అని పిలిచే దీర్ఘకాల వృద్ధాప్య అధ్యయనం. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో 2017–18లో జరిగిన దాని తొలి విడతలో, 45 ఏళ్లు దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72,000 మందికి పైగా కలిశారు. వారిలో 31,000 మందికి పైగా 60 ఏళ్లు నిండినవారు. 2021 జనవరిలో విడుదలైన నివేదిక ప్రకారం ఈ పెద్దలలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉన్నది. ఆ అంకె ఒక్కటే చూస్తే ముసలితనమంటే జబ్బే అనిపిస్తుంది. నలుగురిలో ముగ్గురికి జబ్బు ఉన్నప్పుడు, ఎవరు తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారు, ఎవరు చేసుకోలేకపోతున్నారు అని అడగడమే ఉపయోగకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015 నివేదికలో ఆరోగ్యకరమైన వృద్ధాప్యాన్ని రోగం లేకపోవడంగా నిర్వచించలేదు. మనిషి తనకు విలువైన పనులు చేసుకోగలిగే శక్తిని పెంచుకోవడం, నిలుపుకోవడం అని చెప్పింది. ఆ శక్తిలో సగం ఒంట్లో ఉంటే, మిగతా సగం ఇంట్లో, ఊళ్లో ఉంటుంది. పింఛను కోసం వెళ్లిన ముసలామె వేలిముద్ర అరిగిపోయి యంత్రం మీద పడకపోతే, ఆమె చేతికి పట్టు ఎంత ఉన్నా డబ్బు చేతికి రాదు.

ఇక మీ ఇల్లే ఎందుకంటే, అటువంటి సర్వేలలో ఇళ్లను చీటీ తీసిన పద్ధతిలో ఎంపిక చేస్తారు. మీ ఇంటికి బదులు పక్కింటికి వెళ్లే స్వేచ్ఛ సర్వేకు వచ్చినవారికి ఉండదు; ఉంటే అందుబాటులో ఉన్నవారు, ఓపిక ఉన్నవారు మాత్రమే లెక్కలోకి వచ్చి, మంచాన పడినవారు, కూలికి పోయినవారు జారిపోతారు. మందు ఇవ్వకపోవడానికి కారణం సర్వేకు వచ్చినవారు వైద్యులు కాకపోవడం. అయితే బీపీ చూసి, అది మరీ ఎక్కువగా ఉన్నదని తెలిసి కూడా దవాఖానకు పొమ్మని చెప్పకుండా వెళ్లిపోతే అది తప్పే.

లాభం సంగతికి వస్తే, మీ ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో నాలుగు చోట్ల పది వేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. చూపు పోయినవారిలో సుమారు 60 శాతం మందికి కారణం కంటిలో పొర (శుక్లం), లేదా సరైన అద్దాలు లేకపోవడం అని తేలింది. అంటే ఆపరేషన్‌తోనో, కళ్లద్దాలతోనో తిరిగి వచ్చే చూపే అది. పదేళ్లకు పైగా గడిచాక పల్లెల్లో అదే మనుషులను వెతుక్కుంటూ వెళ్లి చూస్తే, చూపు దెబ్బతిన్నవారు మిగతావారికంటే ఎక్కువగా చనిపోయినట్లు కనిపించింది. ఒకసారి వచ్చి వెళ్లిపోయే సర్వేలో ఈ రెండో విషయం ఎప్పటికీ తెలియదు. మీ ఇంటికి వచ్చినవారు కొన్నేళ్లకు మళ్లీ వస్తే విసుక్కోకండి. అసలు విలువ ఆ రెండో రాకలోనే ఉన్నది.

ప్రశ్న: మా నాయనమ్మకు పది మాటలు చదివి వినిపించి, కాసేపటికి మళ్లీ చెప్పమంటే మూడే చెప్పింది. తారీఖు అడిగితే తెలియదన్నది. ఆమె బడికి పోలేదు. ఇది మతిమరుపు జబ్బేనా?
– ఒక విద్యార్థి, కల్వకుర్తి

జవాబు: ఆ రెండు జవాబులతో ఏ వైద్యుడూ జబ్బు ఉన్నదని నిర్ధారించడు. ఇటువంటి పరీక్షలు మొదట చదువుకున్నవారి కోసం తయారయ్యాయి. చదవమనడం, ఒక వాక్యం రాయమనడం, వంద నుంచి ఏడు చొప్పున తీసివేయమనడం వాటిలో ఉండేవి. బడి ముఖం చూడనివారికి మార్కులు తగ్గితే అందులో బుద్ధి లోపం ఎంత, అక్షరం లేకపోవడం ఎంత అని విడదీయడం కష్టం. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఈ చిక్కును ఎదుర్కొన్న పరిశోధకులు 1995లో అటువంటి ఒక పరీక్షకు హిందీ రూపం ప్రకటించారు. "కళ్లు మూసుకోండి" అని రాసిన కాగితం చదివించడానికి బదులు, నా ముఖం చూసి నేను చేసినట్లే చేయండి అని కళ్లు మూసి చూపిస్తారు. వాక్యం రాయించడానికి బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. మీ నాయనమ్మను తారీఖు అడగడం మాని, అమాస ఎన్నడు పోయింది, బతుకమ్మకు ఇంకా ఎన్ని నెలలున్నవి అని అడిగి చూడండి. అప్పుడు వచ్చే జవాబు ఆమె మతిని గురించి ఎక్కువ చెబుతుంది.

గమనించవలసింది ఆమెలో వచ్చిన మార్పును. నిన్నటిదాకా తడుముకోకుండా చేసిన పనిలో తడబాటు వచ్చిందా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నదా, తెలిసిన బజారులో దారి తప్పుతున్నదా అని చూడండి. అలా ఉంటే వైద్యుణ్ని కలవాలి. చెవులు సరిగా వినబడకపోవడం, మనసు కుంగి ఉండటం, థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, నిద్రమాత్రల వంటి మందులు కూడా మతిమరుపులాగే కనబడతాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉన్నది. ముందు చెవులు చూపించండి. పది మాటలు సరిగా వినబడని మనిషికి మూడు గుర్తుండటం వింతేమీ కాదు.

ప్రశ్న: మాది ఫ్లోరైడు ఊరు. నాన్నకు అరవై ఐదు. మెడ తిరగదు, నడుము వంగదు. వయసు వల్లనే అని కొందరు, నీళ్ల వల్ల అని కొందరు అంటున్నారు. పరిశోధనలో ఈ తేడా ఎట్లా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, మర్రిగూడ

జవాబు: ఈ ప్రశ్న మీ మండలం నుంచి రావలసినదే. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకంటే చాలా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినప్పుడు అది ఎముకల్లో పేరుకుని, కీళ్లను పట్టి ఉంచే బంధనాలను గట్టిపరుస్తుంది. వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది. పల్లెల్లో దీన్ని గుర్తించడానికి మూడు సులువైన పరీక్షలు చేస్తారు: మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు ఎత్తి తల వెనుకకు చేర్చడం. కీళ్లవాతం ఉన్న ముసలివారికి కూడా ఇవి కష్టం కావచ్చు కనుక ఇంతటితో తేల్చరు. ఎముకల ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడు పరీక్ష, బాల్యం నుంచి ఏ ఊళ్లో ఏ బావి నీళ్లు, ఏ బోరు నీళ్లు తాగారన్న వివరం కలిపి చూస్తారు. వయసు వాటా ఎంత, నీటి వాటా ఎంత అన్నది ఒక్క మనిషిని చూసి చెప్పడం కష్టం. అదే వయసువారిని, అదే రకం పని చేసినవారిని, మంచినీరు ఉన్న ఊళ్ల నుంచి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ లెక్క తేలుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. దేశమంతటికీ ఒకే కొలత పెట్టే సర్వేలు మీ నాన్నగారి వంటివారిని తప్పుగా చూపించే అవకాశం ఉన్నది. ఆయన పిడిని బాగానే పిండవచ్చు, నాలుగు మీటర్లు చక్కగా నడవవచ్చు. కానీ వెనుక నుంచి వచ్చే బండిని మెడ తిప్పి చూడలేరు, కింద కూర్చుని భోజనం చేయలేరు, గొంతుకూర్చుని కాలకృత్యాలు తీర్చుకోలేరు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనే పరీక్ష కుర్చీ అలవాటున్న ఇళ్లకు పుట్టింది. మన పల్లెల్లో నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవగలరా అన్నది కూడా దాని పక్కన చేర్చాలి. ఎముకలో ఇప్పటికే వచ్చిన మార్పు తిరిగి పోదు. మంచినీరు మాత్రమే తాగడం, నొప్పికి వైద్యం, కీళ్లు ఇంకా బిగుసుకోకుండా వ్యాయామం, ఎత్తైన మరుగుదొడ్డి పీట, గోడకు పట్టుకునే కడ్డీ, ఇవి ఆయన రోజును తేలిక చేస్తాయి.

ప్రశ్న: మేము ఇద్దరం పుణెలో మేస్త్రీ పనికి వచ్చి ఉన్నాం. ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా "మంచిగనే ఉన్నం, నువ్వు పైలం" అంటారు. నిజంగా ఎట్లా ఉన్నారో తెలుసుకునే దారి ఏమైనా ఉన్నదా?
– ఒక పాఠకుడు, నారాయణపేట జిల్లా

జవాబు: మీ ఆరోగ్యం ఎలా ఉన్నదని అడిగి వచ్చిన జవాబును పరిశోధకులు తేలికగా తీసుకోరు. 27 అధ్యయనాలను కలిపి 1997లో చేసిన సమీక్షలో, తన ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నవారికి మరణ ప్రమాదం ఎక్కువని చాలా అధ్యయనాలు చూపినట్లు తేలింది. కానీ దీనికి ఇంకో వైపు ఉన్నది. ఎక్కువ కాలం బతికే కేరళవారు జబ్బులున్నాయని ఎక్కువగా చెప్పుకుంటే, ఆయుర్దాయం తక్కువగా ఉన్న బిహార్‌వారు తక్కువగా చెప్పుకున్నారని అమర్త్య సేన్ 2002లో రాశారు. వైద్యం అందనిచోట నొప్పిని నొప్పిగా లెక్కపెట్టడం మనిషి మానేస్తాడు. మీ అమ్మగారి "మంచిగనే ఉన్నం"లో అదీ ఉన్నది, దూరాన ఉన్న కొడుకు దిగులు పడకూడదన్న ఆలోచనా ఉన్నది.

కనుక ఎట్లున్నరు అని అడగకుండా, చేసిన పనులను అడగండి. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి పోవడం, మంచం మీద నుంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం అనే ఆరు పనుల జాబితాను 1963లో కట్జ్ అనే అమెరికా వైద్యుడు ప్రకటించాడు. ఈనాటికీ అదే వాడుకలో ఉన్నది. వీటిలో సాధారణంగా ముందు పోయేది స్నానం, చివరిదాకా నిలిచేది తినడం. "నిన్న నీళ్లు ఎవరు తోడారు?" అన్న ఒక్క మాటకు వచ్చే జవాబులో చాలా సంగతి ఉంటుంది. గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు, రొట్టె ఎవరు చేశారు, బీపీ గోలీలు ఎన్ని మిగిలాయి అని అడగండి. వంట, డబ్బు లెక్క, ఫోన్ వాడకం, మందులు వేసుకోవడం వంటి రెండో జాబితా కూడా ఉన్నది గానీ దాన్ని ఆలోచించి వాడాలి. మీ నాన్నగారు పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించి ఉండకపోతే, ఆయనకు వంట రాకపోవడం వృద్ధాప్యం కింద జమకట్టకూడదు. అమ్మగారు వండలేకపోతే మాత్రం అది వెంటనే పట్టించుకోవలసిన సంగతి.

మనసు గురించి కూడా ఇలాగే అడగాలి. దిగులుగా ఉందా అంటే లేదంటారు. వారం రోజుల్లో ఎవరింటికి పోయారు, ఎవరు వచ్చి కూర్చున్నారు అంటే చెబుతారు. వృద్ధుల సమస్యలకు 14567 అనే జాతీయ సహాయ నంబరు ఉన్నది. దాన్ని పొరుగింటివారికి కూడా ఇచ్చి ఉంచండి.

ప్రశ్న: సర్వేవాళ్లు మామయ్యతో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఏమి రాసి ఉన్నదో ఎవరూ చదవలేదు. ముద్ర వేయనంటే పింఛను ఆగిపోతుందా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: ఆగదు. పరిశోధనలో చేరడం పూర్తిగా ఆయన ఇష్టం. పింఛనుకు, రేషన్ కార్డుకు దానితో సంబంధం లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, చదువురాని వ్యక్తి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు కాగితంలో ఉన్నదంతా ఆయన భాషలో చదివి వినిపించాలి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడ ఉండి సంతకం చేయాలి. ముద్ర వేసిన తర్వాత కూడా ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకోవచ్చు. సమాచారపత్రం ప్రతి ఒకటి ఇంట్లో ఇవ్వాలి. దాని మీద పరిశోధకుడి నంబరుతో పాటు, ఆ పరిశోధనకు అనుమతి ఇచ్చిన నైతిక సంఘం వివరం కూడా ఉంటుంది. ఆ కాగితం ఎవరూ చదవలేదంటున్నారు కనుక వారిని పిలిపించి అడగండి, మామయ్యగారి ఎదుటే మొత్తం చదివించండి. విన్న తర్వాత ఆయన వద్దంటే, తీసుకున్న వివరాలు వాడవద్దని అక్కడే చెప్పి రాయించుకోండి.