సమస్థానీయంలో ‘సమ’ దేనికి?

సందేహం: ఐసోటోపును కొన్ని పుస్తకాల్లో ‘సమస్థానీయం’ అన్నారు. బరువులో తేడా ఉన్న పరమాణువులకు ‘సమ’ అని పేరు పెట్టడం తప్పు కాదా? ‘భిన్న’ అని ఉండవద్దా?

సమాధానం: తప్పు కాదు. ఇక్కడ సమానమైనది బరువు కాదు, చోటు. గ్రీకులో ‘ఐసోస్’ అంటే సమానం, ‘టోపోస్’ అంటే చోటు. రసాయన గుణాల్లో ఒక్కటిగానే ఉంటూ బరువులో వేరయ్యే పరమాణువులను ఆవర్తన పట్టికలో ఒకే గడిలో ఉంచవలసి వచ్చినందున, 1913లో ఫ్రెడరిక్ సోడీ ఈ పేరు వాడారు. సూచించినది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. తెలుగు మాట దానికి సరిగ్గా అద్దినట్టుంది.

ఆ గడిని నిర్ణయించేది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. క్లోరిన్‌కు అవి ఎప్పుడూ 17. న్యూట్రాన్లు మాత్రం కొన్ని పరమాణువుల్లో 18, కొన్నిటిలో 20 ఉంటాయి కనుక రెంటినీ కలిపిన ద్రవ్యరాశి సంఖ్య 35 గాని, 37 గాని అవుతుంది. మొదటి రకం సుమారు మూడు పాళ్లు, రెండోది ఒక పాలు కలిసి ఉండడం వల్లనే, బడిపిల్లలను కంగారుపెట్టే 35.5 అనే సగటు వచ్చింది. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ఒక్కటీ లేదు.

హైడ్రోజన్‌లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. ఒక న్యూట్రాన్ అదనంగా ఉన్న డ్యుటీరియం బరువు దాదాపు రెట్టింపు. దానితో ఏర్పడిన భారజలాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్ల గ్లాసులో వేస్తే, ఆ మంచుముక్క తేలక అడుగుకు చేరుతుంది. (‘భారం’ నామవాచకం కాబట్టి ‘గురుజలం’ అనడం మేలనిపించవచ్చు. మణుగూరులో భారజల కర్మాగారం వెలిసి, ఆ మాట జనం నోట నలిగాక దిద్దబోవడం వృథా.)

అసలు దిద్దవలసిన వాడుక మరొకటి ఉంది. ‘ఐసోటోపు’ను రేడియోధార్మిక పదార్థానికి పర్యాయపదంగా రాస్తున్నారు. ఇది ‘తోడికోడలు’ వంటి సంబంధవాచకం: ఇద్దరిలో ఎవరిని అడిగినా రెండో ఆమెను తోడికోడలనే చెబుతుంది. కార్బన్ 14 రేడియోధార్మికం; కార్బన్ 12, 13 స్థిరమైనవి; మూడూ పరస్పరం ఐసోటోపులే. కాబట్టి ప్రమాదాన్ని చెప్పదలచినప్పుడు ‘రేడియోధార్మిక ఐసోటోపు’ అని పూర్తిగా రాయాలి. బహువచనం ‘ఐసోటోపులు’; ‘ఐసోటోప్స్’ అని రాయనక్కరలేదు.