కోకాపేట హైరైజ్ ఫ్లాట్ రీసేల్: ధర ఎక్కడ పెట్టాలి?

మీ 38వ అంతస్తు ఫ్లాట్‌కి పక్క టవర్‌లో బిల్డర్ చెప్తున్న రేటే మీరూ చెప్తున్నారు, చూసినవాళ్లు మళ్లీ ఫోన్ చేయడం లేదు. అంతే కదండీ? చిక్కు ఆ రేటులోనే ఉంది. బిల్డర్ దగ్గరైతే వాయిదాల్లో కట్టొచ్చు, మీకు మొత్తం ఒకేసారి ఇవ్వాలి. పైగా హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి (స్థలంతో పోలిస్తే ఎంత కట్టొచ్చో చెప్పే లెక్కకి) పరిమితి లేదు. మీ బాల్కనీ ముందే ఇంకో టవర్ లేవొచ్చు. అందుకే ఫ్లోర్ రైజ్ (పై అంతస్తులకి వేసే అదనపు రేటు) కింద మీరు కట్టిన డబ్బు మొత్తం తిరిగి రాదు. ఇంటీరియర్ ఖర్చు సంగతి మర్చిపోండి, కొనేవాళ్లకి మీ మాడ్యులర్ కిచెన్ రంగు నచ్చకపోవచ్చు కూడా!

బ్రోకర్ మాట పక్కన పెట్టి, మీ టవర్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ల ఈసీలు (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) తీయించండి. రిజిస్ట్రేషన్‌లో చూపిన మొత్తం అందులో ఉంటుంది. కొంత నగదులో ఇచ్చి ఉంటే అసలు ధర ఇంకాస్త ఎక్కువ అనుకోండి. యూడీఎస్ (స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే వాటా) ఎన్ని గజాలో కూడా సిద్ధంగా ఉంచుకోండి, తెలిసినవాళ్లు ముందు అదే అడుగుతారు.

మీ బలం ఓసీ, అంటే కట్టడం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌కి 5% జీఎస్టీ, అంటే 2 కోట్లకి 10 లక్షలు. మీ దగ్గర కొంటే అది ఉండదు. బేరంలో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

పన్ను విషయానికొస్తే, మీరు 2021లో కొన్నారనుకుందాం. రెసిడెంట్ అయితే లాభం మీద ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కేయడం) లేకుండా 12.5%, ఇండెక్సేషన్‌తో 20%, ఏది తక్కువైతే అది. ఎన్ఆర్ఐలకి ఈ రెండో దారి లేదు.