ఎక్స్‌ట్రూడర్ వేగానికి హాల్‌ఆఫ్ అందుకోవాలంటే

ప్రశ్న: మాది హెచ్‌డీపీఈ పైపులు తయారుచేసే చిన్న యూనిట్. ప్లాస్టిక్‌ను కరిగించి పైపుగా నెట్టే ఎక్స్‌ట్రూడర్ మోటారుకూ, ఆ పైపును లాగే హాల్‌ఆఫ్ మోటారుకూ విడివిడిగా వీఎఫ్‌డీలు (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు) ఉన్నాయి. ఎక్స్‌ట్రూడర్ డ్రైవ్ నుంచి 0–10 వోల్టుల అనలాగ్ సిగ్నల్ తీసుకుని హాల్‌ఆఫ్ డ్రైవ్‌కు ఇచ్చాము. అయినా వేగం మార్చిన ప్రతిసారీ కాసేపు పైపు మందంలో తేడా వస్తోంది. నిలకడగా నడిచేటప్పుడు కూడా హాల్‌ఆఫ్ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతోంది. లోపం ఎక్కడ ఉంది?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు లోపాలు. మొదటిది సెట్టింగులకూ, రెండోది వైరింగుకూ సంబంధించినది కావచ్చు.

ముందుగా ఎక్స్‌ట్రూడర్ డ్రైవ్‌లో అనలాగ్ అవుట్‌పుట్‌కు ఏ విలువను కేటాయించారో చూడండి. అక్కడ ‘సెట్ ఫ్రీక్వెన్సీ’ ఉంటే, ఆపరేటర్ నాబ్ తిప్పగానే కొత్త విలువ హాల్‌ఆఫ్‌కు చేరిపోతుంది. ఎక్స్‌ట్రూడర్ మాత్రం తన యాక్సిలరేషన్ సమయం ప్రకారం నింపాదిగా ఆ వేగానికి వస్తుంది. ఈ వ్యవధిలో రెండింటి నిష్పత్తి చెడిపోయి, మందం మారుతుంది. కాబట్టి అక్కడ ‘అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ’ని (ఆ క్షణంలో మోటారుకు నిజంగా అందుతున్నదాన్ని) ఎంచుకుని, హాల్‌ఆఫ్ డ్రైవ్ యాక్సిలరేషన్, డీసెలరేషన్ సమయాలను ఎక్స్‌ట్రూడర్ సమయాలకంటే బాగా తగ్గించి, ఒక సెకను దగ్గర పెట్టి చూడండి. వేగం ఎంత నెమ్మదిగా మారాలో ఎక్స్‌ట్రూడరే నిర్ణయిస్తున్నప్పుడు, హాల్‌ఆఫ్ మళ్లీ తన వంతు ఆలస్యాన్ని కలపనక్కరలేదు.

ఇక ఊగిసలాట. 10 వోల్టులకు 50 హెర్ట్జ్ అని లెక్క పెట్టుకుంటే, తీగలో చొరబడిన 0.1 వోల్టు కూడా 0.5 హెర్ట్జ్‌తో సమానం. 40 హెర్ట్జ్ దగ్గర నడిచే హాల్‌ఆఫ్‌కు అది ఒక శాతానికి పైనే. మీటరు పైపు బరువులోనూ దాదాపు అంత తేడా కనిపిస్తుంది. సిగ్నల్ తీగను మోటారు కేబుళ్లతో ఒకే ట్రేలో లాగడం మన దగ్గర తరచుగా కనిపించే అలవాటు. ముందు దాన్ని విడదీయండి. మెలితిప్పిన జతతో షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ను ఒక చివర మాత్రమే ఎర్త్ చేయండి. మోటారు కేబుల్‌ను దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. ప్యానెళ్లు దూరంగా ఉంటే 0–10 వోల్టులకు బదులు 4–20 మిల్లీఆంపియర్లకు మారడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తీగ నిరోధం వల్ల కరెంటు సిగ్నల్ తగ్గదు, తీగ తెగితే 4 కంటే తక్కువ చూపి డ్రైవ్‌కు వెంటనే తెలుస్తుంది. మారేటప్పుడు డ్రైవ్‌లోని పారామీటరుతో (సెట్టింగుతో) పాటు, కంట్రోల్ బోర్డు మీద వోల్టేజీ–కరెంటు స్విచ్ గానీ జంపర్ గానీ ఉంటే దాన్నీ మార్చాలి. చాలామంది ఈ స్విచ్ దగ్గరే తడబడతారు. ఇంత చేసినా ఊగుతుంటే రెండు డ్రైవ్‌ల మధ్య సిగ్నల్ ఐసొలేటర్ (నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించే పరికరం) పెట్టండి.

తర్వాత ఎక్స్‌ట్రూడర్‌ను 25 హెర్ట్జ్ వద్ద నిలిపి సిగ్నల్‌ను మల్టీమీటరుతో కొలవండి. 0 హెర్ట్జ్‌కు 4, 50 హెర్ట్జ్‌కు 20 మిల్లీఆంపియర్లుగా స్కేల్ చేసి ఉంటే 12 రావాలి. రాకపోతే బయాస్ (మొదలయ్యే విలువ), గెయిన్ (పెరిగే నిష్పత్తి) విలువలు సరిచేయాలి.

మందం సవరించడానికి ఆపరేటర్‌కు ట్రిమ్ నాబ్ ఇస్తే, అది సిగ్నల్‌కు కలపకుండా గుణించేలా అమర్చండి. 2 హెర్ట్జ్ కలిపితే 40 దగ్గర అది 5 శాతం, 20 దగ్గర 10 శాతం. లైను వేగం మార్చగానే సవరణ అంతా తారుమారవుతుంది.

ఇవన్నీ చేశాక కూడా హాల్‌ఆఫ్ డ్రైవ్‌కు అందేది ఫ్రీక్వెన్సీయే తప్ప షాఫ్టు అసలు వేగం కాదు. నాలుగు పోల్స్ మోటారుకు 50 హెర్ట్జ్ వద్ద సింక్రనస్ వేగం నిమిషానికి 1500 చుట్లు. పూర్తి లోడులో సుమారు 1440 మాత్రమే తిరుగుతుంది. ఈ తేడానే స్లిప్ అంటారు. పదార్థం ఉష్ణోగ్రత మారి ఎక్స్‌ట్రూడర్ లోడు మారితే ఈ స్లిప్ కూడా మారుతుంది. రెండు డ్రైవ్‌లలోనూ ఈ తేడాను సరిచేసే స్లిప్ కాంపెన్సేషన్ ఆన్ చేస్తే మామూలు పైపులకు సాధారణంగా సరిపోతుంది. అంతకంటే బిగువైన టాలరెన్స్ కావాలంటే ఎక్స్‌ట్రూడర్ షాఫ్టుకు ఎన్‌కోడర్ (షాఫ్టు తిరిగేకొద్దీ పల్సులు పంపే సెన్సర్) బిగించి, దాని పల్సులనే హాల్‌ఆఫ్ డ్రైవ్‌కు ఇవ్వాలి. అందుకు ఆ డ్రైవ్‌కు పల్స్ ఇన్‌పుట్ ఉండాలి. ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకున్నాకే ఎన్‌కోడర్ కొనండి.