రొమ్ము కణజాలం దట్టంగా ఉందన్నారు... 3డి మామోగ్రామ్ అవసరమా?

ప్రశ్న: నా వయసు 44. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ రావడంతో నేనూ మామోగ్రామ్ చేయించుకున్నాను. అనుమానించాల్సిందేమీ లేదంటూనే, కణజాలం దట్టంగా ఉంది, ‘సి’ రకం అని రిపోర్టులో రాశారు. ఇప్పుడు 3డి మామోగ్రామ్ చేయించుకోమంటున్నారు. ఇది జబ్బా? మళ్లీ రేడియేషన్ తగిలితే ప్రమాదం కాదా?

జవాబు: ఇది జబ్బు కాదు. రొమ్ములో కొవ్వు కంటే పాలగ్రంథులు, పీచు కణజాలం ఎక్కువగా ఉండటాన్నే దట్టంగా ఉందంటారు. రిపోర్టుల్లో ‘ఎ’ నుంచి ‘డి’ వరకు నాలుగు రకాలుంటాయి; చివరి రెండూ దట్టమైనవి. చేత్తో తడిమితే ఈ తేడా తెలియదు. మీ వయసులో ఇది చాలామందిలో కనిపించేదే. అయితే క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువన్నది నిజం, దానికి తోడు ఎక్స్‌రేలో గ్రంథులూ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి సున్నం వేసిన గోడ మీద సుద్దముక్క గీతలా చిన్న గడ్డ కలిసిపోయే అవకాశం ఉంది. ‘అనుమానం లేదు’ అన్న ఒక్క మాట చదివి రిపోర్టును బీరువాలో పెట్టేయకుండా మీరు అడగడం ఎంతో మంచిపని.

3డి మామోగ్రామ్‌లో, అంటే టోమోసింథసిస్‌లో, రొమ్మును మామూలుగానే నొక్కి పట్టి ఉంచుతారు కానీ ఎక్స్‌రే ట్యూబు విల్లులా వంగిన దారిలో కదులుతూ వేర్వేరు కోణాల్లో తక్కువ మోతాదు చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని సుమారు ఒక మిల్లీమీటరు మందం పొరలుగా విడదీస్తుంది. ఒకదానిమీద ఒకటి పడి కనిపించే కణజాలం ఇలా విడివడటంతో దాగిన గడ్డ బయటపడుతుంది. గడ్డలా భ్రమపెట్టిన నీడ కేవలం నీడేనని తేలి, అనవసరంగా మళ్లీ రమ్మనడమూ తగ్గుతుంది. అమెరికాలో దీనికి 2011లోనే అనుమతి లభించింది.

రేడియేషన్ విషయానికొస్తే, మామూలు మామోగ్రామ్‌లో తగిలేది సుమారు 0.4 మిల్లీసీవర్ట్, అంటే ప్రకృతి నుంచి ఏడు వారాల్లో మన ఒంటికి తగిలేంత. 3డి చిత్రాల నుంచే 2డి చిత్రాన్ని తయారుచేసే యంత్రమైతే మోతాదు పెద్దగా పెరగదు. ఆ సౌకర్యం ఉందో లేదో సెంటర్‌లో అడగండి. మీకు ఇది చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం.

‘డి’ రకంలో మాత్రం 3డి కూడా కొంత తడబడుతుంది. అక్కడ అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ జోడించాల్సి రావచ్చు. పిన్నికి ఏ వయసులో జబ్బు బయటపడిందో, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందో డాక్టరుకు తప్పక చెప్పండి, ఎందుకంటే ఎంఆర్‌ఐ, జన్యు పరీక్షల నిర్ణయం దానిపైనే ఆధారపడుతుంది. ఏ రిపోర్టు ఎలా ఉన్నా, చేతికి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా ఆగకుండా చూపించుకోండి.

నెలసరి ముగిసిన వారంలో వెళితే నొప్పి తక్కువ. ఆ రోజు పౌడరు, డియోడరెంట్ వాడకండి. పాత ఫిల్ములు, సీడీ వెంట తీసుకెళ్లండి.