శని, ఆదివారాలు హారర్ సినిమాలు, సోమవారానికి నిద్రలేని కళ్లు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నెలలో రెండు వారాంతాలు మావారికి డ్యూటీ ఉంటుంది. ఆ రెండు రోజులూ ఒక్కదాన్నే కూర్చుని హారర్ సినిమాలు, కల్ట్ సినిమాలు (కొద్దిమంది వీరాభిమానులు మళ్లీమళ్లీ చూసేవి) కలిపి ఆరేడు చూస్తాను. నాకు భలే ఇష్టం. చివరిది ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ తర్వాత నిద్ర పట్టదు, బాత్రూం తలుపు తీయాలంటే దడ. మావారు మానెయ్యమంటున్నారు. మా అక్కేమో ఇది డిప్రెషనే అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మానక్కర్లేదు. టైంటేబుల్ మాత్రం మార్చండి.

సినిమా అయిపోయిందని బుర్రకి వెంటనే తెలుస్తుంది. గుండెదడకీ బిగుసుకున్న భుజాలకీ తెలియడానికి ఇంకాస్త సమయం పడుతుంది. అది దిగకముందే ఇంకోటి పెడితే దడ మీద దడ పేరుకుని, మూడో సినిమాకల్లా కిటికీ రెక్క కదిలినా ఉలిక్కిపడతారు. అందుకే రోజుకి రెండు చాలు. గట్టిగా భయపెట్టేది మధ్యాహ్నం, తేలికది సాయంత్రం. మధ్యలో గంటసేపు లేచి ఇంట్లో పనేదైనా చేసుకోండి. చివరిది పడుకునే వేళకి రెండు గంటల ముందే ముగియాలి. ఆదివారం సాయంత్రం హారర్ అసలే వద్దు.

ఇక శబ్దం. మాటలు గుసగుసగా ఉన్నాయని వాల్యూం పెంచుతాం, మరుక్షణం కేక వచ్చి చెవిలో పడుతుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని వాల్యూం తగ్గించండి. టీవీలో నైట్ మోడ్ ఉంటే వేసుకోండి, అది పెద్ద చప్పుళ్లని అణుస్తుంది. హెడ్‌ఫోన్స్ వద్దు. భరించలేని సీన్ వస్తే అందరూ కళ్లు మూసుకుంటారు, భయపెట్టే పని చెవుల్లో సాగుతూనే ఉంటుంది. మ్యూట్ చేసి చూడండి, సగం భయం అక్కడే దిగిపోతుంది. మీ బాత్రూం భయానికి పెద్దమ్మ లాంటి 1960 నాటి ‘సైకో’నే తీసుకోండి. అందులో స్నానం చేస్తున్న ఆవిడని కత్తితో పొడిచే సీన్‌కి దర్శకుడు హిచ్‌కాక్ ముందు సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో కట్టింది విన్నాక మనసు మార్చుకున్నాడు. జనానికి ఈరోజుకీ గుర్తున్నది ఆ కీచుమనే చప్పుడే.

బాత్రూంకి వెళ్లేటప్పుడు ఎవరినో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లకండి. ఫోన్ ఉంది కాబట్టే ఏమీ కాలేదని మనసు లెక్కేసుకుంటుంది, రేపు మళ్లీ ఫోన్ కావాలంటుంది. లైటు వేసి, తలుపు తీసి, దడ తగ్గేదాకా లోపలే నిలబడండి. ఒకే పీడకల మళ్లీమళ్లీ వస్తుంటే పగటిపూట దాన్ని కాగితం మీద రాసి, ముగింపు మీకు నచ్చినట్టు మార్చి, రోజూ పది నిమిషాలు ఆ కొత్త కథని మనసులో నడిపించండి.

డిప్రెషన్ సంగతి. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, వాటితో పాటు ఆకలి, నిద్ర, ఓపిక దెబ్బతినడం దాని గుర్తులు. భలే ఇష్టమని రాసే మనిషిలో ఇవి నాకు కనిపించడం లేదు. అయితే సినిమా మధ్యలో ఇష్టమైనవాళ్ల ఫోన్ వస్తే మీకేమనిపిస్తోందో గమనించండి. ‘అబ్బా, ఇప్పుడా’ అనిపిస్తే సహజమే. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక, ఆలోచనలు రాకుండా ఉండటానికే తెర ముందు కూర్చుంటున్నా, సినిమాలు చూడని వారాల్లోనూ భయం వదలకపోయినా సైకాలజిస్టుని కలవండి. ఏదైనా సీన్ మీకు నిజంగా జరిగినదాన్ని తవ్వి తీస్తున్నా అంతే.

కల్ట్ సినిమాలు మాత్రం ఒంటరిగా చూస్తే చప్పగా ఉంటాయి. ‘ద రాకీ హారర్ పిక్చర్ షో’ 1975లో వచ్చినప్పుడు ఆడలేదు. మరుసటేడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాక, జనం గుంపుగా కూర్చుని తెరకి ఎదురు సమాధానాలు అరుస్తూ దాన్ని నిలబెట్టారు. అలాంటివి అక్కతో చూడండి. ఆవిడకి మీ ‘జబ్బు’ ఏమిటో కూడా తెలుస్తుంది. మీవారితో వాదన పెట్టుకోకుండా, రోజుకి రెండే చూస్తాననీ, ఎనిమిదింటికి టీవీ కట్టేసి ఫోన్ చేస్తాననీ చెప్పండి. చెప్పినట్టే చేయండి.