చీకట్లో తీసిన ఫొటోలో ఒక కన్నే తెల్లగా మెరుస్తోందా?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. కళ్లు జిగేల్మనకుండా ఫ్లాష్‌కు కంటికి కనబడే వెలుగును చాలావరకు ఆపే 720 నానోమీటర్ల ఫిల్టర్ తగిలించి, ఇన్‌ఫ్రారెడ్‌కు (కంటికి కనబడని వెలుగుకు) మార్పించిన కెమెరాతో చీకట్లో వాడి ఫొటోలు తీస్తుంటాను. దీనివల్ల కళ్లకు హాని ఉందా? కొన్ని ఫొటోల్లో ఎడమ కనుపాప మాత్రం తెల్లగా మెరిసింది. ఫిల్టర్ మారిస్తే సరిపోతుందా? ఆ కన్నుకు కాస్త మెల్ల ఉంది, మెల్లకన్ను అదృష్టమని పెద్దలు అంటున్నారు. ఎర్రబడినప్పుడు మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం.

జవాబు: ఫిల్టర్ సంగతి తరువాత, ముందు ఆ ఎడమ కన్ను గురించి చెప్పాలి. చీకట్లో కనుపాపలు బాగా విచ్చుకొని ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కంటికి దాదాపు కనబడదు కనుక అవి ముడుచుకోవు. అందువల్ల ఫ్లాష్ కాంతి కంటి వెనుక పొరను తాకి తిరిగివచ్చి, మామూలు ఫొటోలో ఎర్రగా పడే మెరుపు ఇందులో తెల్లగా పడుతుంది. అయితే అది రెండు కళ్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒక కన్నే పదేపదే మెరుస్తూ, దానికి మెల్ల కూడా తోడైనప్పుడు కెమెరా మీద నెట్టేసి ఊరుకోవడం మంచిది కాదు. బాబు పక్కకు చూస్తున్నందువల్ల కావచ్చు, శుక్లం కావచ్చు, చూపులో తేడా కావచ్చు. అరుదుగా రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ఇది ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లోనే వస్తుంది. తొలిదశలో పట్టుకుంటే ప్రాణాన్ని, చాలాసార్లు కన్నును కూడా కాపాడగలం. ఆలస్యమైతే కంటి నరం వెంట మెదడు వైపు పాకగలదు. బాబును చూడకుండా ఫలానా జబ్బని నేను చెప్పలేను, చెప్పకూడదు. ఈ వారంలోనే పిల్లల కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లి, కనుపాపలు విప్పార్చి రెటీనా పరీక్ష చేయించండి, ఆ ఫొటోలన్నీ చూపించండి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగం ఉంది.

మెల్లకన్ను అదృష్టమన్న మాటతో నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులను చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఇక ఆ చుక్కలను ఈరోజే ఆపి, సీసాను వైద్యునికి చూపండి. వాటిలో స్టిరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది కానీ లోపల కంటి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు, అసలు జబ్బు కప్పబడిపోవచ్చు. ఇంత చిన్న బాబుకు పేరు తెలియని మందు ఎలా వేశారు?

మీరు అడిగిన ఫ్లాష్ విషయానికి వస్తే, దూరం నుంచి ఎప్పుడో ఒకసారి వెలిగే మామూలు కెమెరా ఫ్లాష్ వల్ల సాధారణంగా హాని ఉండదు. కానీ కనబడని వెలుగుకు రెప్ప వాల్చుకునే రక్షణ లేదు కాబట్టి, ముఖానికి దగ్గరగా, వరుసగా వెలిగించకండి. పరీక్ష ఫలితం తెలిసేవరకు కెమెరాను పక్కన పెట్టండి.