కౌగిలింతకి ముందు తాడు కావాలి

అమ్మాయ్,

నీ నవల రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను కాబట్టి మార్జిన్లలో గీతలు చూసి టెన్షన్ పడకు.

నీ చీకటి బాగుంది. బావుల్లోంచి పైకి రావడం, అది తాకినవాడు తన పేరు మర్చిపోవడం, తల్లి గుమ్మంలో నిలబడి పిలుస్తున్నా పిల్లాడు ఎవర్నో పిలుస్తోందనుకుని ఆడుకుంటూ ఉండటం... ఆ రాత్రి లైటు వేసుకునే పడుకున్నాను. ఈ వయసులో!

గొడవంతా పదకొండో అధ్యాయంతోనే. ఏటి నీళ్ల కోసం ఆ రెండు రాజ్యాలూ మూడు తరాలుగా నరుక్కుంటున్నాయని ఎనభై పేజీల పొడుగునా చెప్పుకొచ్చావు. తీరా చీకటి పైకి రాగానే రాజులిద్దరూ ఏటి గట్టున కలుసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, కౌగిలించుకున్నారు. పేజీన్నరలో పగ చల్లారిపోయింది. ఆపదొస్తే పగలు పోతాయని నీకెవరు చెప్పారు?

నా చిన్నప్పుడు ఓ తుఫాను రాత్రి మా వీధిలో గట్టి డాబా ఒక్కటే. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దరూ పెళ్లాం పిల్లలతో దానిమీదికే చేరారు. తెల్లవారుజామున చిన్నాయన గేదె నీళ్లలో కొట్టుకుపోతూ కనిపించింది. తాడు పెద్దాయన దగ్గరుంది. చిన్నాయన బారెడు దూరంలో నిలబడి, కొడుకుతో అన్నాడు: “ఒరే, మీ పెదనాన్నని ఆ తాడు ఇటు పారెయ్యమను.” పెద్దాయన పారేశాడు. ఆయనా పిల్లాడితోనే చెప్పాడు: “కొమ్ములకి వెయ్యమను, మెడకి వేస్తే చస్తుంది.” ఇద్దరూ కలిసే లాగారు. లాగినంతసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నీళ్లు తీశాక చూస్తే తగాదా పడ్డ గట్టు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. కొత్త గట్టు ఎక్కడ వెయ్యాలన్నదాని మీద మళ్లీ కోర్టుకెక్కారు.

నీ రాజుల మధ్య ఆ తాడూ లేదు, ఆ పిల్లాడూ లేడు.

భాగవతం అష్టమ స్కంధం ఓసారి తీసి చూడు. సిరిసంపదలు పోగొట్టుకున్న దేవతలకి, రాక్షసులతో సంధి చేసుకోమని చెప్పింది సాక్షాత్తు విష్ణువే. ఏ పోలికతో చెప్పాడు? పామూ ఎలుకా స్నేహంతో. అవసరం తీరేదాకానే అని ముందే తేల్చేశాడన్నమాట. సరే, మందరం తెచ్చారు, వాసుకిని చుట్టారు. చిలకడం మొదలు కాకుండానే పేచీ వచ్చింది. దేవతలు తల వైపు చేరారని రాక్షసులకి కోపం. వేదం చదువుకున్నాం, గొప్ప పుట్టుక పుట్టాం, పాము తోక పట్టుకోవాలా అని బిగుసుకుపోయారు. విష్ణువు నవ్వి తల వాళ్లకి వదిలేశాడు. ఆ తర్వాత వాసుకి నోట్లోంచి వచ్చిన మంటా పొగా తలవైపు వాళ్ల మొహానే కొట్టాయి! నీ ఇద్దరు రాజుల్లో పాము తల కోసం పట్టుబట్టేది ఎవరో నీకు తెలియాలి. నాకైతే ఉత్తరపు రాజు అనిపిస్తోంది, మీసం దువ్వుకునే తీరు చూస్తే.

ఇంకోటి. హాలాహలం ఎక్కడో బయటి నుంచి ఊడిపడలేదు, వాళ్లు చిలుకుతుంటేనే పుట్టింది. నీ చీకటి ఎక్కడ పుట్టిందో నువ్వు చెప్పలేదు. మూడు తరాల యుద్ధాల్లో చచ్చినవాళ్లని ఆ బావుల్లోనే పడేసి ఉంటే? ఊరికే అడుగుతున్నాను. నచ్చకపోతే వదిలెయ్.

చరిత్రలోంచి కావాలంటే 1565 జనవరి చూడు. విజయనగరం మీదికి దక్కన్ సుల్తానులు ఏకమయ్యారు. అక్కడ దయ్యాల్లేవు, ఎదుట ఉన్నది విజయనగరం పగ్గాలు పట్టిన అళియ రామరాయలు. బీజాపూరు ఆలీ ఆదిల్ షా అంతకు కొన్నేళ్ల ముందే రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి దండెత్తినవాడు. మరి ఆ అహ్మద్‌నగరే ఇప్పుడు అతన్ని ఎలా నమ్ముతుంది? ఇచ్చిపుచ్చుకోవడాలతో. అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని ఆలీకిచ్చి చేశాడు, కట్నంగా సోలాపూర్ కోట. ఆలీ చెల్లెల్ని అహ్మద్‌నగర్ ఇంటికి చేసుకున్నారు. అదీ పొత్తు! అందరికంటే నన్ను తొలిచేది గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా. అన్నకి భయపడి ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నవాడు. మన తెలుగు కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నవాడు. తనకి అన్నం పెట్టిన ఊరి మీదికి సైన్యంతో వెళ్లేముందు రాత్రి అతని మనసులో ఏముందో నాకు ఇప్పటికీ రాయడం చేతకాలేదు. నువ్వు రాయగలవేమో. నీ దక్షిణపు రాజుకి అలాంటి రాత్రి ఒకటి ఇవ్వు.

గెలిచాక ఆ సుల్తానులు మళ్లీ తమలో తాము కొట్టుకున్నారు. నీ చివరి అధ్యాయంలో ఇద్దరు రాజులూ ఒకే సింహాసనం మీద కూర్చున్నారు. ఇరుకు కాదూ?

నా మొదటి సీరియల్లో నేనూ ముగ్గురు రాజుల చేత కత్తుల మీద ప్రమాణం చేయించి మురిసిపోయాను. ఓ పాఠకుడు కార్డు ముక్క రాశాడు: “మూడో రాజుగారి సైన్యానికి బియ్యం ఎవరిచ్చారండీ?” అంతే, ఇంకో మాట లేదు. వారం రోజులు అన్నం సయించలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా టేబులు సొరుగులో ఉంది.

పదకొండో అధ్యాయం మళ్లీ రాసి పంపు. ఏటి గట్టున ముందు ఎవరి పడవ ఆగిందో, రెండోవాడు ఎంతసేపు కావాలని దిగకుండా కూర్చున్నాడో అక్కడి నుంచి మొదలుపెట్టు. మధ్యలో మాటలు మోసేవాడొకడు ఉండాలి, పిల్లాడైతే మరీ మంచిది. తన పేరు మర్చిపోయిన ఆ పిల్లాడు నీ దగ్గర ఉన్నాడుగా.

రాతప్రతి పోస్టులో వెనక్కి పంపుతున్నాను. సేనాపతి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా పడింది, దిద్దుకో.

ఉంటాను.